తెల్లగుడ్డ గది

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. ఒకచోట పెట్టాల్సిన ఒత్తు ఇంకోచోట పెడతాను, దీర్ఘాలు మరిచిపోతాను. చెయ్యి కూడా నెమ్మది. క్రిస్మస్ ముందు మొదలుపెట్టిన ఈ కథ ఈస్టరు దాటాక గానీ పూర్తి కాలేదు. తప్పులు కనబడితే కోప్పడకుండా సరిచేసుకుని చదవండి.

ముప్పై మూడో రోజు తూకంలో తెల్లగుడ్డ గది కోళ్ళు నీలంగుడ్డ గది కోళ్ళ కంటే బరువు తూగాయి.

అలా తూగకూడదు. ఆ సంగతి షెడ్డులో ఉన్న ఇద్దరికీ తెలుసు. ఎందుకు తూగాయో మాత్రం పెద్దతల్లి ఒక్కదానికే తెలుసు.

ఆమె ఒక్కో కోడినీ రెక్కలు ఒంటికి అదిమి పట్టుకొచ్చి, త్రాసు మీది ప్లాస్టిక్ ట్రేలో కూర్చోబెట్టి, అది కుదురుకునేదాకా వీపు మీద అరచెయ్యి ఆన్చి ఉంచేది. తర్వాత మెల్లగా చెయ్యి తీసేది. ఎర్ర అంకెలు కాసేపు కొట్టుకుని ఒకచోట నిలిచేవి. ప్రవల్లిక వాటిని పుస్తకంలో వేసుకునేది. ఇరవయ్యో కోడి దగ్గర పెన్ను ఆగింది.

"పిన్నీ, ఆ రెండు కేజీల గుండు పెట్టు. త్రాసు తప్పు చూపిస్తోందేమో."

పెద్దతల్లి ఇనుప గుండు తెచ్చి పెట్టింది. త్రాసు సరిగ్గా రెండు కేజీలే చూపించింది.

"మళ్ళీ మొదటి నుంచీ తూద్దాం."

"మల్లీ తూసినంత మాత్రాన తగ్గిపోతాయేటి డాక్టరమ్మా," అంది పెద్దతల్లి. నవ్వుతూ అందామనుకుంది. నవ్వు దగ్గులా వచ్చింది.

ప్రవల్లికది టెక్కలి. పశువైద్యంలో పై చదువు చదువుతోంది. చదువు పూర్తి కావాలంటే ఒక పరీక్ష తన చేతులతో చేసి చూపించాలి. సుమ్మాదేవి స్టేషనుకు అవతల, జీడితోటల మధ్య నారాయణమూర్తికి బ్రాయిలర్ షెడ్డు ఉంది. అందులో ఒక మూల అడిగి తీసుకుంది. ఆ మూలను పాత చేపల వలలతో నాలుగు గదులుగా కట్టింది షెడ్డులో కూలి చేసే పెద్దతల్లే. గదికి ముప్పై కోళ్ళు, ప్రతి కోడి కాలికీ అంకె ఉన్న రింగు. నాలుగు గదులకూ ఒకటే మొక్కజొన్న, ఒకటే సోయా. తేడా అంతా అందులో కలిపే ఖనిజాల దగ్గరే. జింకు, మాంగనీసు, రాగి. బస్తాకు చారెడు కూడా పట్టని పొడులు. నీలంగుడ్డ కట్టిన గదికి అందరూ వాడే ఉప్పు రకం. పసుపుగుడ్డ గదికి అంతకంటే చవకైన భస్మం రకం. ఎర్రగుడ్డ గదికి మాంసకృత్తులతో ముడివేసి చేసిన కొత్త రకం. తెల్లగుడ్డ గదికి ఏమీ లేదు, ఉత్త మేత.

తిన్నదంతా ఒంటికి పట్టదు. ఏ రకం ఎంత పడుతుందో తేల్చడమే ప్రవల్లిక పని. మేతలో తిన్నదెంత, పెంటలో పోయిందెంత, కాలి ఎముకలో నిలిచిందెంత. ఈ మూడూ తెలిస్తే చాలంటుంది.

ఉత్త మేత తిన్న కోళ్ళు ఎదగకూడదు. కాళ్ళు వంకర పోవాలి, ఈకలు చిట్లిపోవాలి. పన్నెండో రోజుకు అలాగే మొదలయింది. తెల్లగుడ్డ గదిలో ఒక పిల్ల మడమల మీద కూలబడి, మేత డబ్బా దాకా రెక్కలతో ఈదుకుంటూ పోవడం పెద్దతల్లి చూసింది. మర్నాడు ఇంకో మూడు. ఆ మర్నాడు అన్నం సంచిలో నెత్తళ్ళనే చిన్న ఎండు చేపల నలక, రొయ్య తలలు దంచి పట్టుకొచ్చింది. ఎవరూ లేనప్పుడు పొద్దున ఒక దోసెడు, సాయంత్రం ఒక దోసెడు ఆ గది డబ్బాల్లో కలిపింది. ఇరవై రోజులుగా కలుపుతూనే ఉంది.

మందస దాటి సముద్రం ఒడ్డున పెద్దతల్లి వాళ్ళ ఊరు. పడవ ఒడ్డుకొచ్చాక, చేపలు బుట్టల లెక్కన పంచుకునే ముందు ఒక దోసెడు తీసి పక్కన పెట్టడం అక్కడ ఆనవాయితీ. కాలు లేనివాడికి, మొగుడు లేనిదానికి, కుక్కకి, కాకికి. ఆ దోసెడు ఏ లెక్కలోకీ రాదు. దాన్ని లెక్కపెట్టినవాడి వల మర్నాడు ఖాళీగా వస్తుందని అంటారు. మొదటి రోజున ప్రవల్లిక, "వేరే మేత గానీ వేరే మందు గానీ ఒక్క గింజ వెయ్యకూడదు పిన్నీ," అన్నప్పుడు పెద్దతల్లి మనస్ఫూర్తిగానే తలూపింది. నెత్తళ్ళ నలక మేతా కాదు, మందూ కాదు. లెక్కకు ముందు తీసే దోసెడు.

ఇప్పుడు ఆ దోసెడు త్రాసు మీద ఎర్ర అంకెలై కూర్చుంది.

రెండోసారి తూకం సగంలో ఉండగా నారాయణమూర్తి వచ్చాడు. మోటారు సైకిలు జీడిచెట్టు కింద నిలబెట్టి, బూట్లకు సున్నం అంటించుకుని లోపలికి వచ్చి, పుస్తకంలోకి తొంగి చూశాడు.

"అదేటమ్మా. గంజి తాగినోడు బిరియానీ తిన్నోడికన్నా బలిసినాడేటి."

"అదే అర్థం కావడం లేదండీ."

"అర్థం కాడానికేటుంది. మేతలు మారిపోనాయి. మీ తెల్లగుడ్డ గదిలో ఎర్రగుడ్డ బస్తా పోసీసినారు. మోసేవోడు కూర్మయ్య కదా."

ఆ రోజు శుక్రవారం. మంగళవారం, శుక్రవారం కూర్మయ్య తెల్లారి రైలెక్కి పలాస ఆసుపత్రికి వెళ్ళి, కిడ్నీలు పాడైనందుకు రక్తం కడిగించుకుని, మధ్యాహ్నం బండికి తిరిగొస్తాడు. వచ్చిన రోజు కూడా పని మానడు. నారాయణమూర్తి ఆ మాట అంటుండగానే అతను వచ్చి తలుపు దగ్గర చెప్పులు విప్పాడు. మోచేతి మడతలో దూది పట్టీ ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. గోడ పట్టుకుని కాళ్ళు సున్నపు నీళ్ళలో ముంచాడు.

"కూర్మయ్యా, ఇలగొచ్చి సూడు. ఏ గదికి ఏ బస్తా పోత్తన్నావు నువ్వు."

"గుడ్డ సూసే పోత్తాను బావూ. రంగులు కనపడనంత గుడ్డోణ్ణి కాదు."

"ఆసుపత్రి నుంచొచ్చిన దినం నీ కాల్లే నిలబడవు. నీ కల్లకేటి కనపడతాది."

కూర్మయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అతని చూపు తెల్లగుడ్డ గది మీదుగా పెద్దతల్లి మీదికి వచ్చి అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత కిందికి వాలిపోయింది.

"ఏమో బావూ. పోసీసినానేమో."

పెద్దతల్లి చేతిలో ఉన్న కోడి ఒక్కసారి రెక్క విదిల్చింది. ఆమె వేళ్ళు ఎంత గట్టిగా బిగిశాయో అప్పుడే ఆమెకు తెలిసింది.

"పోసీసినావా. ఈ అమ్మాయి నెల్లాల్ల కష్టం ఊకలో పోసీసినావు. రేపట్నుంచి రాకు. నీకు ఒంట్లో బాగోకపోతే ఇంటికాడ పడుకో."

కూర్మయ్య అలాగేనన్నట్టు తలూపి, చెప్పులు వేసుకుని, వచ్చిన దారినే జీడితోటలోకి వెళ్ళిపోయాడు. పెద్దతల్లి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడింది. ప్రవల్లిక, "ఇరవై ఒకటి పెట్టు పిన్నీ," అంది. పెద్దతల్లి ఇరవై రెండు పెట్టింది. మళ్ళీ తీసి ఇరవై ఒకటి పెట్టింది.

ఆ సాయంత్రం అన్నం సంచిలోని నలక డబ్బాల్లో వెయ్యలేదు. షేరింగు ఆటోలో ఇంటికి పోతూ, దారిలో వంతెన మీద సంచి దులిపేసింది.

శనివారం మేత బస్తాలు పెద్దతల్లే మోసింది. నాలుగు బస్తాలు. ఒక్కోటి గది ముందు దించి, మూతి విప్పి, డబ్బాల్లో పోసి, తూచి, మిగిలింది మళ్ళీ తూచి చెప్పాలి. నడుము విరిగేటంత బరువేమీ కాదు. కానీ ప్రతి బస్తా దగ్గరా గుడ్డ రంగు చూసుకుని, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసుకుంది. కూర్మయ్య మూడేళ్ళుగా ఈ షెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. కోళ్ళు బెదరకుండా నాలుక తాటిస్తూ లోపలికి వెళ్ళేవాడు. ఇప్పుడు పెద్దతల్లి వెళ్తుంటే కోళ్ళన్నీ ఒక మూలకు దొర్లాయి.

పదింటికి ప్రవల్లిక గదికి మూడు చొప్పున పన్నెండు కోళ్ళను ఏరింది. మెడ దగ్గర ఒక్క నొక్కు. చేతి తొడుగులు వేసుకుని కాలి ఎముకలు విడదీసి ఇస్తుంటే, పెద్దతల్లి గది గదికీ వేరే గిన్నెలో ఉడకబెట్టి, మాంసం వేళ్ళతో ఒలిచి, ఎముకలు కాగితం మీద వరసగా పేర్చింది. గిన్నెల్లో నీళ్ళు ఉడుకుతున్న చప్పుడు, షెడ్డు రేకుల మీద సముద్రపు గాలి చప్పుడు.

ప్రవల్లిక తెల్లగుడ్డ గది ఎముకను రెండు కొసలూ పట్టుకుని వంచి చూసింది. వంగలేదు. గోటితో గీకింది. గీత పడలేదు.

"ఇవి కాలేజీకి తీసుకెళ్ళి బూడిద చేసి, ఆ బూడిదలో జింకు ఎంతుందో చూడాలి. కానీ చూసి ఏం లాభం."

"అదేటి."

"మా సారుకు ఫోన్ చేశాను పిన్నీ. నాలుగు గదులూ కొట్టెయ్యమన్నారు."

పెద్దతల్లి చేతిలోని ఎముక కాగితం మీద పడింది. "పాడైంది తెల్లగుడ్డ గది కదా. నాలుగూ ఎందుకు."

"మేతలు మారిపోతే ఏ రోజు ఏ బస్తా ఏ గదిలోకి పోయిందో ఎవరికి తెలుసు. తెల్లదాంట్లో ఎర్రది పోస్తే, మరి ఎర్రదాంట్లో ఏది పోశాడు. నీలంలో ఏది పోశాడు. ఒక్క అంకె కూడా నమ్మలేను."

పెద్దతల్లి ఆ మాటను మనసులో ఒకసారి తిప్పుకుంది. రెండోసారి తిప్పుకునేసరికి సంగతి తెలిసింది. కూర్మయ్య ఒక్క మాటతో తనను కాపాడాడనుకుంది. ఆ ఒక్క మాట నాలుగు గదుల్నీ ముంచింది.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతాను. ఆ తెల్లగుడ్డ గది అసలు ఎందుకెట్టినారు. ఆటికి ఏటీ ఎయ్యకుండా కుంటుతుంటే సూడ్డానికా."

ప్రవల్లిక తొడుగులు తీసి కింద కూర్చుంది. "మొక్కజొన్నలో, సోయాలో కూడా జింకు ఉంటుంది పిన్నీ. కానీ అది గట్టిగా కట్టేసి ఉంటుంది. కోడి పేగు దాన్ని విప్పుకోలేదు, చాలామటుకు పెంటలో పోతుంది. ఏమీ కలపని కోడి ఎముకలో ఎంత ఉందో తెలిస్తేనే, కలిపిన కోడి ఎముకలో ఉన్నదాంట్లో మందు వల్ల వచ్చిందెంతో తెలుస్తుంది. ఆ గది లేకపోతే మిగతా మూడూ గాల్లో ఉన్నట్టే. ఏ రకం బాగా పడుతుందో తెలిస్తే తక్కువ కలిపితే సరిపోతుంది. ఇప్పుడందరూ ఎందుకైనా మంచిదని ఎక్కువ కలుపుతున్నారు. పట్టనిదంతా పెంటలో, ఆ పెంట తోటల్లో, తోటల్లోంచి నేలలో."

ఆ ఉద్దానం ప్రాంతంలో నేల గురించి, నీళ్ళ గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి రెండు రోజులు పలాస బండి ఎక్కే కూర్మయ్యలు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. మాట నాలుక కొస దాకా వచ్చింది కూడా. అంతలో ప్రవల్లిక ముక్కు తుడుచుకుని, "సోమవారం వచ్చి అన్నీ సర్దేస్తాను," అంటూ లేచింది. పెద్దతల్లి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

కూర్మయ్య ఇల్లు రైలు పట్టాలకు ఈవల, స్టేషనుకు పది అంగల దూరం. పొద్దు వాలుతుండగా పెద్దతల్లి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని, కొబ్బరాకు ఈనెలు చాకుతో గీస్తూ చీపురు కడుతున్నాడు. ఆమెను చూసి చాకు ఆపలేదు.

"రా. నీల్లిమ్మంటే నానియ్యలేను. నాకే రోజుకి రెండు గళాసులే లెక్క."

"నీ నీల్ల కోసం రానేదు బావా. నీకెప్పుడు తెలిసినాది."

"ఏది."

"ఆడకు. నెత్తల్లు."

కూర్మయ్య నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు. "ఓలే, నీకు ముక్కు నేదు గావాల. సంద్రం ఒడ్డునోల్లకి నెత్తల్ల కంపు తెలవదు. ఊకంతా అదే కంపు. ఆ డాక్టరమ్మ రోజూ వొచ్చీముందు ఊక కిందామీదా సేసి కప్పినాను. నా నడుం ఇరిగిపోనాది."

"మరి నన్నడగనేదేటి."

"అడగడానికేటుంది. కూలబడిపోన పిల్లలు లేసి తిరుగుతన్నాయి. సూడ్డానికి బాగుంది."

పెద్దతల్లి అరుగు చివర కూర్చుంది. కూర్చోలేక లేచింది. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి ఎంతకీ అయిపోకుండా పోతోంది.

"నా తప్పు నువ్వు మొయ్యడమేటి. బస్తాలే మొయ్యలేవు," అంది పెద్దతల్లి.

"వారానికి రెండు దినాలు ఆ మిసను పక్కన పడుకునేవోణ్ణి. నా కాడింకేటి పోద్ది. నీ కొడుకు గుజరాత్ బోటు మీద, నీ కోడలు నీ మీద. నీకు పని పోతే ఇంట్లో పొయ్యి ఎలగదు."

"నీ దయ నాకొద్దు."

"దయ అని ఎవులన్నారు. ఊరికే అన్నాను."

"ఊరికే అన్నావు. ఆ ఊరికే అన్న మాటకి నాలుగు గదులూ కొట్టేత్తన్నారు. ఆ పిల్ల సోమారం అన్నీ సర్దేసి పోతాది. నాను ఒక్క గది సెడగొడితే నువ్వు మూడు గదులు సెడగొట్టినావు."

కూర్మయ్య చాకు ఆగిపోయింది. అతనికి ఆ సంగతి తెలియదు. కట్టిన చీపురును అరచేతిలో రెండుసార్లు తట్టి, ఈనెల కొసలు సమానంగా వచ్చాయో లేదో చూసుకున్నాడు. సమానంగా లేవు.

"మంచికి పోతే ఇదేటి," అన్నాడు చివరికి.

"నాను సెప్పీస్తాను."

"సెప్తే నీ పని పోద్ది."

"పోనీ."

"ఆ నారాయణమూర్తి నోటికి నదరు బెదరు నేదు. నలుగుర్లో తిడతాడు."

"నా మొగుడు తిట్టిన తిట్లు నువ్విననేదు. ఆటి ముందు ఇయ్యేటి," అని పెద్దతల్లి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

ఆదివారం షెడ్డుకు సెలవు లేదు గానీ ప్రవల్లిక రాదు. పెద్దతల్లి పొద్దున మేత పోసి, పెంట ఎత్తి, నీళ్ళ గొట్టాలు చూసుకుని ఇంటికి వచ్చింది. కోడలు ఇసుకలో చేపలు ఆరబెడుతూ కాకుల్ని తోలుతోంది. పెద్దతల్లి తోలడానికి కర్ర అందుకుంది. కాసేపటికి కర్ర పారేసి వల బాగుచెయ్యడానికి కూర్చుంది. ముడి వేసిన చోటే విప్పి మళ్ళీ ముడివేసింది. తెల్లగుడ్డ గది కోళ్ళు రెండు రోజులుగా ఉత్త మేత తింటున్నాయి. వాటికేమీ కాలేదు, హాయిగా తిరుగుతున్నాయి. ఆ సంగతి తలుచుకుంటే సంతోషం వస్తోంది. ఆ సంతోషమే ముల్లులా గుచ్చుకుంటోంది.

"ఏటత్తా, ఏటయ్యింది నీకు. కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు," అంది కోడలు.

"ఏటీ నేదు. రేపట్నుంచి నాను ఇంటికాడే ఉంటానేమో. నీ నోరు నాకు, నా నోరు నీకు."

కోడలు కాకుల్ని తోలడం మానేసి ఆమె మొహంలోకి చూసింది.

సోమవారం పెద్దతల్లి మొదటి ఆటోకే వచ్చింది. ప్రవల్లిక అట్టపెట్టెలు తెచ్చి, మేత డబ్బాల మీది కాగితాలు పీకుతోంది. నారాయణమూర్తి మిగిలిన మేత బస్తాలు తన కోళ్ళ మేతలో కలుపుకోవచ్చా అని అడుగుతున్నాడు. పెద్దతల్లి వాళ్ళిద్దరి మధ్యా వచ్చి నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో ఆటోలో వంద రకాలుగా అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"కూర్మయ్య బావ ఏ బస్తా మార్సనేదు. తెల్లగుడ్డ గదిలో నానే నెత్తల్ల నలక కలిపినాను."

నారాయణమూర్తికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు చేసుకున్నాడు. ఎవరు వెయ్యమన్నారన్నాడు. కోడికి కాలు నొస్తే నీకెందుకు నొచ్చిందన్నాడు. నెత్తి మీది చేపల బుట్ట దింపించి కోళ్ళ షెడ్డులో పనికి పెట్టుకున్నందుకు తనను తానే చెప్పుతో కొట్టుకోవాలన్నాడు. పెద్దతల్లి అన్నీ విన్నది. కూర్మయ్య చెప్పినంత పెద్ద తిట్లేమీ కావు.

ప్రవల్లిక మాత్రం పెన్ను వెతికి తీసుకుంది. అట్టపెట్టె మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఏ రోజు నుంచి పిన్నీ."

"పద్నాలుగో దినం నుంచి. మీరు రెండో తూకం తూసిన మర్నాడు."

"రోజుకి ఎంత."

"పొద్దున దోసెడు. సందేళ దోసెడు. ఆదారం మాత్రం ఒక్కసారే, బేగి ఎల్లిపోతాను గదా. శుక్రారం సందేళ నుంచి ఎయ్యనేదు."

"మిగతా గదుల్లో."

"ఒక్క నలక పడనేదు. అయ్యి బాగానే ఉన్నాయి గదా."

"దోసెడంటే ఎంతో తూచి చూపించగలవా."

పెద్దతల్లి ఊకతో దోసిలి నింపబోయి ఆగింది. ఊక తేలిక, నలక బరువు. సోయా పిండి తీసుకుని, కాస్త తగ్గించి, "ఇంత," అంది. ప్రవల్లిక తూచింది. మూడుసార్లు నింపించింది. మూడుసార్లూ అంకె పది గ్రాములు అటూ ఇటూ వచ్చింది.

చాలాసేపు పెన్ను కదిలింది. తర్వాత ప్రవల్లిక సారుకు ఫోన్ చేస్తూ జీడిచెట్ల కిందికి వెళ్ళింది. నారాయణమూర్తి, "నీ సంచీ తీసుకుని బయలుదేరు," అన్నాడు. పెద్దతల్లి సంచి తీసుకుంది. కానీ వెళ్ళలేదు. ఆ అమ్మాయి మొహం ఒకసారి చూసి పోదామనుకుంది.

ప్రవల్లిక తిరిగొచ్చి నారాయణమూర్తితోనే మాట్లాడింది. మూడు గదులు నిలిచాయి. తెల్లగది మళ్ళీ పెట్టాలి. పక్కన పోల్చుకోవడానికి నీలంగది కూడా మళ్ళీ పెట్టాలి. ఇంకో ముప్పై అయిదు రోజులు ఈ మూల కావాలి. కూర్మయ్యను పిలిపించాలి. ఇవన్నీ నారాయణమూర్తి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మాటకు మాత్రం నవ్వాడు.

"మల్లీ ఈవిడేనా. దొంగ సేతికి తాలాలిత్తారేటమ్మా."

"నేను నడక చూసి మార్కు వేస్తానండీ. సున్నా అంటే మంచి నడక, అయిదంటే లేవలేనిది. నా పుస్తకంలో మొదటి కుంటి కోడి పదిహేనో రోజున ఉంది. ఆమెకు పన్నెండో రోజే తెలిసింది. నాకు ఆ కళ్ళు కావాలి." అప్పుడు పెద్దతల్లి వైపు తిరిగింది. "మూడు దాటనివ్వను పిన్నీ. మూడు వచ్చిన పిల్లను తీసి, బాధ తెలియకుండా అక్కడితో ఆపేస్తాను. కానీ మూడు వచ్చేదాకా నువ్వు చూస్తూ ఉండాలి. ఏమీ వెయ్యకూడదు. చేపైనా, రొయ్యైనా, ఏదైనా."

తిట్లు తినడానికి పెద్దతల్లి సిద్ధపడి వచ్చింది. పని పోవడానికి సిద్ధపడి వచ్చింది. దీనికి సిద్ధపడలేదు. సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తను ముప్పై పిల్లల్ని లేపి నిలబెట్టానని మూడు వారాలుగా మురిసింది. ఇప్పుడు ఆ ముప్పైకి బదులు ఇంకో ముప్పై రావాలి. తను దోసెడు వెయ్యకుండా ఉంటే అవి రావక్కర్లేదు.

"వేరే మనిసిని ఎట్టుకోరాదా," అంది.

"పెట్టుకోవచ్చు. నువ్వు వద్దంటే పెట్టుకుంటాను."

నారాయణమూర్తి వాచీ చూసుకున్నాడు. పెద్దతల్లి షెడ్డు బయటికి వెళ్ళి, సున్నపు నీళ్ళ తొట్టె దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చింది.

"పిల్లలెప్పుడొత్తాయి," అంది.

కొత్త పిల్లలు ఇంకో తొమ్మిది రోజులకు వచ్చాయి. కూర్మయ్య నాలుక తాటిస్తూ ఊక పరిచాడు. "నీ సంచీ ఓపాలి ఇప్పి సూపించీ, నాకూ మంచిది నీకూ మంచిది," అని ప్రతి పొద్దునా అడ్డం పడేవాడు. పెద్దతల్లి సంచి విప్పి అతని ముక్కు కింద పెట్టేది. అన్నం, చింతకాయ పచ్చడి. చేప కూర తేవడమే మానేసింది.

అవి వచ్చిన పదకొండో రోజు అన్నీ తిరిగాయి. పన్నెండో రోజు కూడా తిరిగాయి. పెద్దతల్లి గంటకోసారి తెల్లగుడ్డ గది వల పక్కన కూర్చుని లేచేది. పదమూడో రోజు పొద్దున పద్దెనిమిది రింగు పిల్ల నడుస్తూ నడుస్తూ ఎడమ కాలు బయటికి విసిరింది. ఇంకెవరూ చూసి ఉండరు. పెద్దతల్లి కేకేసి చెప్పింది. ప్రవల్లిక వచ్చి, దాన్ని నాలుగడుగులు నడిపించి, ఒకటి వేసింది. మర్నాటికి రెండు.

ఆ మర్నాడు అది మడమల మీద కూర్చుని ఉంది. కూర్మయ్య మేత పోసిన చప్పుడుకు మిగతావన్నీ పరుగెత్తాయి. అది లేచి, మూడంగలు వేసి, కూలబడి, రెక్కలు నేలకానించి, మళ్ళీ లేచి రెండంగలు వేసింది. పెద్దతల్లి రెండు చేతులూ చంకల్లో దోపుకుని చూసింది. వల అవతల కూర్మయ్య వీపు తిప్పుకున్నాడు.

ప్రవల్లిక పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పిల్ల అప్పటికి డబ్బా దగ్గరికి చేరి, మెడ చాచి, ఒక గింజ అందుకుంది. ప్రవల్లిక ఊపిరి వదిలింది.

"తింటోంది పిన్నీ. దానంతటది వెళ్ళింది కదా. ఇవాళ్టికి రెండే ఉంచుదామా."

పిల్ల ఇంకో గింజ కోసం ముందుకు జరగబోయింది. కుడి కాలు కిందికి రాలేదు, పక్కకు జారిపోయింది. అది పడలేదు. డబ్బా అంచుకు రొమ్ము ఆనించి నిలబడినట్టు నటిస్తోంది. ప్రవల్లిక పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ఈ అమ్మాయికి ఒక్క మాట సాయం చేస్తే చాలు. అవును, రెండే అంటే ఆ పిల్లకు ఇంకో రోజు దక్కుతుంది.

ఆమె వల ఎత్తి లోపలికి వెళ్ళింది. పిల్లను రెండు చేతులతో తీసుకుని, డబ్బా నుంచి దూరంగా, చదునైన చోట ఊక మీద నిలబెట్టి చేతులు తీసేసింది. పిల్ల నిలబడాలని చూసింది. అది కూర్చునేదాకా పెద్దతల్లి రెప్ప వెయ్యలేదు.

"కాదు డాక్టరమ్మా," అంది. "మూడే. రాసుకోండి."

ప్రవల్లిక రాసుకుంది. పెద్దతల్లి వంగి పిల్లను ఎత్తుకుని, రెక్కలు ఒంటికి అదిమి, దాని వీపు మీద అరచెయ్యి ఆన్చి, వల బయటికి తీసుకొచ్చింది.

— జీవరత్నమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు కాశీబుగ్గలో, చిన్న కూతురింట్లో ఉంటున్నాను.